మాత్ర చేతికిచ్చు ముందు

పామిడిముక్కల పొలములలో నాట్లు వేసి వచ్చిన స్త్రీకి కాళ్లు లాగుట వింత కాదు. కాని గర్భనిరోధపు మాత్రలు వాడుచున్న ఆమెకు ఒక్క కాలే వాచి నొచ్చినను, హఠాత్తుగా ఆయాసము వచ్చినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. మాత్రలోని ఈస్ట్రోజెను వలన, అరుదుగానైనను, సిరలలో రక్తము గడ్డకట్టును. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయము. గర్భిణులకు ఈ అపాయము ఇంకను ఎక్కువ. కనుక మాలా-ఎన్ చూచి బెదరనక్కరలేదు.

అమెరికాలో యాస్మిన్, యాజ్ మాత్రలపై వేలకొలది దావాలు పడగా, బేయర్ కంపెనీ 2013 నాటికే 100 కోట్ల డాలర్లకు పైగా చెల్లించినది. అపాయమును తగినంత తెలుపలేదన్నది ముఖ్యమైన అభియోగము. మనవారి ఫిర్యాదును ఇట్టిదే: 1985లో పటాన్‌చెరులో వివరము చెప్పక హార్మోను సూదిమందు ప్రయోగింపబూనిరని, హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన 1986లో సుప్రీంకోర్టుకెక్కినది.

రక్తపుపోటు గలదా, చుట్ట కాల్చు అలవాటున్నదా, ఇదివరలో రక్తము గడ్డకట్టినదా అని నర్సు అడుగవలెను. అడుగనిచో, అమ్మా, మీరే చెప్పుడు.