ప్రతిభగల బిడ్డను పంపవలెనా?



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము మన యూళ్లలో ఏటేట ఏదో యొక యింట తలయెత్తుచుండునదియే. ఇంటనున్న పిల్లలలో ఒకరికి తక్కినవారికంటె బుద్ధిసూక్ష్మత హెచ్చుగా కనబడును. బడిపంతులుగారు తండ్రిని పిలిపించి, “ఈ బిడ్డ యిక్కడ ఉండదగినది కాదు. ప్రవేశపరీక్ష వ్రాయింపుడు. ఎంపికయైనచో సర్కారువారే చదివింతురు” అని చెప్పుదురు. ఆ మాట విన్ననాటినుండి ఆ యింటివారికి కంటికి నిద్ర యుండదు. పంపినచో పసిబిడ్డ కనుమఱుగగును. పంపకున్నచో దాని భవిష్యత్తునకు మనమే అడ్డు నిలిచితిమేమో యను శంక. ఈ రెంటి నడుమ పెద్దలు ఎట్లు నిర్ణయింపవలయునో, బడిలో జీవితమంతయు గడపినవాడనగుటచే, నాకు తోచినంత మనవి చేసెదను.

పూర్వము ఇట్టి చింతకు తావు తక్కువ. ప్రతిభ యున్నను పోవుటకు చోటు లేకుండెను. కలిగినవారి పిల్లలు పట్నమునకు పోయి చదువుకొనిరి. లేనివారి పిల్లలు ఎంత తెలివిగలవారైనను పసులవెంట పోయిరి. ఈ కొఱతను తీర్చుటకై 1971వ సంవత్సరమున, శ్రీ పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, నాటి నల్లగొండ జిల్లాలోని సర్వేలు గ్రామమున గురుకుల పాఠశాల వెలసెను. ఆ వెనుక కోస్తాప్రాంతమున తాడికొండయందును, రాయలసీమలో కొడిగెనహళ్లియందును అట్టి పాఠశాలలే ఏర్పడెను. 1986 నాటి జాతీయ విద్యావిధానముతో జవాహర్ నవోదయ విద్యాలయములు దేశమున పెక్కు రాష్ట్రములలో వ్యాపించెను. 2024 డిసెంబరు నెలలో కేంద్రప్రభుత్వమువారు మఱి 28 నవోదయములకు అనుమతి నొసంగగా, అందు 7 తెలంగాణమునకు లభించెను. ఆ యేడింటిలో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా యొకటి. కనుక తలుపులు లేవని చింతించు కాలము పోయి, ఏ తలుపు తట్టవలెనని చింతించు కాలము వచ్చినది.

హైదరాబాదునకు తూర్పున, ఉప్పలు, నాచారములకు ఆవల, కీసర త్రోవలో నాగారమను నూరు కలదు. అచ్చట నాకు పరిచయమున్న యొక పెద్దమనిషి తన యింటి సమస్యను నాయొద్దకు తెచ్చెను. వారి పొలములు ఏనాడో ఇండ్లస్థలములైనవి. కొడుకు నాచారములో కర్మాగారపు పనికి పోవుచున్నాడు. మనుమరాలికి పదియేండ్లు, ఐదవ తరగతి చదువుచున్నది. ఆ పిల్ల యొక నెలపాటు ప్రతిరాత్రియు చంద్రుని చూచి, ఆ యాకారమును బొగ్గుతో గోడమీద గీచి, ప్రక్కనే పొడుచువేళను వ్రాసియుంచినదట. “తాతా, పున్నమి వెళ్లినది మొదలు చందమామ దినదినము ఆలస్యముగా నేల వచ్చుచున్నాడు?” అని అడిగినదట. గోడ పాడుచేసినందుకు నాయనమ్మ కోపించెను. పంతులమ్మ మాత్రము ఆ గోడను చూచి, పిల్లచేత నవోదయ పరీక్ష వ్రాయింపుడని చెప్పెను. తండ్రికి వేఱొక యాలోచన. ఆఱవ తరగతినుండియే పెద్దపరీక్షలకు సిద్ధము చేసెదమని గోడలనిండ ప్రకటనలు వేయు బడిలో, అప్పు చేసియైనను చేర్పవలెనని ఆయన కోరిక. నాయనమ్మ మాట మఱొకటి: “ఆడుపిల్లను ఈ యీడున ఇల్లు దాటించుటయా?” ముగ్గురును ఆ బిడ్డ మేలు కోరినవారే. అందుచేతనే తాతగారికి తీర్పు కష్టమైనది.

నేనాయనతో మొదట చెప్పినది, మార్కుల పట్టికను ప్రక్కన పెట్టుమని. మార్కులు అక్కఱకు రానివని కాదు. కాని వల్లె వేసిన బిడ్డకును మార్కులు వచ్చును. ఆలోచించిన బిడ్డకును వచ్చును. ఈ రెంటికి గల భేదము బడి విడిచిన పిమ్మట తెలియును. ఎవరును అడుగకుండ, బహుమానము లేకుండ, బిడ్డ దేనివెంట పడుచున్నదో చూడవలయును. ఒక లెక్కను రెండు మూడు త్రోవల చేయుచున్నదా? చెప్పిన సమాధానముతో తృప్తిపడక మఱల ప్రశ్నించుచున్నదా? విరిగిన వస్తువును విప్పి చూచుచున్నదా? చదివిన కథను మార్చి చెప్పుచున్నదా? ఇట్టి యాకలి గల బిడ్డకు ప్రత్యేకమైన మేత కావలయును. మార్కులే యుండి ఆకలి లేనిచోట, ఉన్న బడిలోనే మంచి చదువు చెప్పించుట చాలును. కేవలము పేరుకొఱకు దూరము పంపనక్కఱలేదు.

రెండవది, పంపబోవు చోటు ఆ యాకలిని తీర్చునదియా, అణచునదియా యని విచారించుట. ప్రతిభను పెంచు చదువు వేఱు, పరీక్షకు తోముట వేఱు. పై తరగతుల పాఠములను ముందుగా గొంతులో పోయుట ప్రతిభను పెంచుట కాదు. పెంచునట్టి చోట ప్రయోగశాల తెఱచియుండును. గ్రంథాలయము పిల్లలచేతికి అందును. ఆటకు వేళ యుండును. ప్రశ్నించిన పిల్లను ఉపాధ్యాయుడు కసరడు. ప్రకటనలు చూచి నమ్మక, స్వయముగా పోయి, అచ్చటి పిల్లలనే “నిన్న సాయంకాలము ఏమి చేసితిరి?” అని యడుగుడు. వారి ముఖములే బదులు చెప్పును.

ఒక్క విషయమునే పెంచి తక్కినవి విడుచుటయు ప్రమాదమే. గణితమేధావి శ్రీనివాస రామానుజన్ 1904లో విద్యార్థివేతనముతో కుంభకోణము కళాశాలలో ప్రవేశించెను. గణితమునందే మనస్సు లగ్నమై, తక్కిన విషయములలో తప్పుటచే ఆ వేతనము పోయెను. 1913లో ఆయన లేఖ కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు చేరువఱకు గడచిన యేండ్లు ఎంతటి కష్టకాలమో లోకమెఱుగును. అంతటి ప్రతిభకైనను చేయూతనిచ్చి నడపించువారు కావలయుననుటకు ఇది నిదర్శనము.

మూడవది, నియమములను ముందుగా తెలిసికొనుట. నవోదయ ప్రవేశపరీక్ష ఆఱవ తరగతిలో చేరుటకు, ఐదవ తరగతి పిల్లలకు జరుగును. పిల్లవాడు ఏ జిల్లాలో నివసించి చదువుచుండునో ఆ జిల్లా విద్యాలయమునకే అర్హుడు. తెలుగులోనే వ్రాయవచ్చును. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందు సగము మార్కులు బుద్ధిని పరీక్షించు బొమ్మల ప్రశ్నలకే. తక్కిన సగము లెక్కలకును భాషకును. ఈ పరీక్ష ఒక్కమాఱే వ్రాయనిత్తురు. ఒక్కొక్క విద్యాలయమున 80 స్థానములకు మించవు. అందు కనీసము నూటికి 75 పల్లెల పిల్లలకు; మూడవవంతు బాలికలకు.

ఇచ్చట పెద్దలు మఱవరాని సంగతి యొకటి కలదు. పల్లెపిల్లలకు చెందిన స్థానము దొరకవలెనన్న, మూడు, నాలుగు, ఐదు తరగతులను పూర్తిగా పల్లెబడిలోనే చదివియుండవలయును. మంచి తర్ఫీదు దొరకునని నడుమ బిడ్డను పట్నపు బడికి మార్చినచో ఆ హక్కు పోవును. నాగారము వంటి యూళ్ల స్థితి మఱియు చిక్కు. నిన్నమొన్నటివఱకు పంచాయతియైన యూరు పురపాలకమై నగరములో కలిసిపోవుచుండగా, వాకిట గేదెలు కట్టియున్నను లెక్కలో ఆ బిడ్డ పట్నపు బిడ్డయే. ఇది తెలిసియుండినచో ఆశయు హద్దులో నుండును. అట్లే, తొమ్మిదవ తరగతిలో కొందఱు పిల్లలను ఒక సంవత్సరము హిందీ ప్రాంతపు విద్యాలయమునకు పంపు వాడుక కలదు. ఆనాడు ఉలికిపడుటకంటె ఈనాడే ఎఱిగి సమ్మతించుట మేలు.

నాలుగవది బిడ్డ మనస్సు. వరి నాటినవారికి నేను చెప్పవలసినదేమున్నది? నారు ముదిరిన వెనుక నాటిన పిలక తక్కువ. మరీ లేతగా పీకిన వేరు తెగును. అదను చూచి, వేరు చెడకుండ తీసి, నీరున్న మడిలో నాటవలయును. నాటిన నాలుగు దినములు వడలినట్లుండుట సహజము, పిమ్మట పచ్చబడును. బిడ్డయు అంతియే. స్నానము, బట్టలు, పడక తానే చూచుకొనగలదా? కడుపునొప్పి వచ్చిన నోరు తెఱచి చెప్పగలదా? అన్నిటికంటె, తనకు పోవలెనని యున్నదా? పదియేండ్ల బిడ్డ మాటయే తుదితీర్పు కాదు. కాని ఆ మాట వినకుండ చేసిన తీర్పు తీర్పే కాదు.

ఇక నాయనమ్మ భయము. అది నవ్వి త్రోసివేయదగినది కాదు. వసతిగృహమున కాపుదల ఎట్లున్నది, స్త్రీలు పర్యవేక్షకులుగా నున్నారా, తల్లిదండ్రులు ఎప్పుడెప్పుడు చూడవచ్చును అని నిలదీసి అడుగుట పెద్దల హక్కు. కాని ఆడుపిల్లయను కారణమొక్కటియే చాలదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయకూలీల యింట పుట్టిన మాలావత్ పూర్ణ, సాంఘికసంక్షేమ గురుకులమున చదువుచు, భువనగిరి గుట్టమీద శిలారోహణము నేర్చి, 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరమెక్కెను. అప్పటికామెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆ తల్లిదండ్రులకు మనకంటె భయము తక్కువై యుండునా? భయము నుంచుకొనియే పంపిరి.

ఎంపిక కానిచో? ఒక్కమాఱే వ్రాయు పరీక్ష గనుక ఈ ప్రశ్న మఱింత పెద్దది. పరీక్ష యొక దినపు కొలత. బిడ్డ యొక జీవితపు పంట. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. బోదకాలువంటి వ్యాధులకు లోకమంతట వాడు మందు వారి పరిశోధనాఫలమే. అమెరికాలో లూయిస్ టెర్మన్ అను శాస్త్రజ్ఞుడు 1921లో మేధావులైన పిల్లలను ఏర్చి కూర్ప బూనెను. ఆయన పరీక్షలో నిలువలేక విడువబడినవారిలో షాక్లీ, ఆల్వరెజ్ అను బాలురిరువురు తరువాత నోబెల్ బహుమతి పొందిరి. ఒకరు 1956లో, మఱొకరు 1968లో. కావున స్థానము దొరకనినాడు బిడ్డయెదుట “పరువు పోయినది” అనకుడు. ఆ యొక్కమాట పరీక్షకంటె హెచ్చు చెఱుపు చేయును.

అదిగాక, ఇంటనుండియే చేయదగినదియు చాల కలదు. ఉప్పలు త్రోవలో హబ్సిగూడ చుట్టుపట్ల భూభౌతిక పరిశోధనాలయము, రసాయన సాంకేతిక సంస్థ, కణ జీవశాస్త్ర కేంద్రము ఉన్నవి. ప్రజలకు ద్వారములు తెఱచు దినములను పంతులచేత కనుగొనుడు. బిడ్డను చేయిపట్టుకొని తీసికొనిపోవుడు. 1985లో తెఱచిన బిర్లా నక్షత్రశాల నౌబత్ పహాడుమీద నున్నది. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కలదు. వీనికగు వ్యయము కొద్దిపాటిదే. అప్పు చేయు బడికంటె ఎంత చౌక!

నాగారపు తాతగారికి నేనిచ్చిన సలహా యిది. అప్పు చేసి చేర్చు బడిమాట మానుకొనుడు. నవోదయ పరీక్ష బిడ్డచేత వ్రాయింపుడు. వ్రాసినంతమాత్రమున పంపవలెనని లేదు. ఎంపికయైనచో నాయనమ్మను వెంటబెట్టుకొని పోయి ఆ చోటు చూపుడు. పిమ్మట నలుగురును, బిడ్డతో కూడ, కూర్చుండి తేల్చుకొనుడు. పంపినచో మొదటి సంవత్సరము కనిపెట్టి చూడుడు. బిడ్డ నిజముగా కృశించినచో మరలించి తెచ్చుట అవమానము కాదు. ఎంపిక కానిచో ఆ గోడకు సున్నము వేసి మఱల బొగ్గు చేతికిండు. ఆ మాటలు విని వారు దరఖాస్తు పెట్టుటకు నిశ్చయించిరి. నాయనమ్మ పూర్తిగా ఒప్పుకొనలేదు; వెంట వచ్చి చూచెదనని మాత్రమనెను. అంతమాత్రము చాలునని నేననుకొంటిని.

తుదకొక్కమాట. ఛాందోగ్యోపనిషత్తులో శ్వేతకేతువు పండ్రెండవయేట గురుకులమునకు పోయి, ఇరువదినాలుగవయేట సకల విద్యలు నేర్చి, గర్వముతో ఇల్లు చేరెను. తండ్రియైన ఉద్దాలకుడు కుమారుని చదువు చూచి మురిసి యూరకుండలేదు. అతడు నేర్వని దానిని ప్రశ్నించి, తానే కూర్చుండి బోధించెను. బిడ్డను ఎంత గొప్ప విద్యాలయమునకు పంపినను తల్లిదండ్రుల పని ముగియదు. తెలివి గుడిసెకు వెలుగు కావలెను గాని, గుడిసెను చూచి సిగ్గుపడునట్లు చేయరాదు. ఆ సంస్కారము బడి యొసగునో లేదో. ఇల్లు మాత్రము ఒసగవలయును. పండుగలకు ఇంటికి వచ్చిన బిడ్డను మార్కులు అడుగకముందు, “ఏమి కొత్తగా చూచితివి, మాకును చెప్పుము” అని యడుగుడు. మనకు తెలియనిది బిడ్డ చెప్పుచుండగా చెవి యొగ్గి వినుట పెద్దఱికమునకు లోపము కాదు.