థైరాయిడు వ్యాధి – మాత్రానియమము
(వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు బెద్దలు చాల జెప్పియున్నారు. నేను మన యిండ్లలో బెక్కుమంది స్త్రీలను బాధించుచు, మనచేత సోమరితనమని పేరుపెట్టించుకొనుచున్న యొక వ్యాధిని గూర్చి విన్నవించెదను. నేను వైద్యుడను గాను, బడిపంతులను. కావున చికిత్స చెప్పను. వైద్యుడు చెప్పినదానిని మన మెట్లు పాడుచేసికొనుచున్నామో చెప్పెదను.

కంఠమున ముందువైపున సీతాకోకచిలుక యాకారమున థైరాయిడు గ్రంథి కలదు. దేహమందలి క్రియలన్నిటికి వేగమును నిర్ణయించునది దీని స్రావమే. శరీరమును రక్షింపవలసిన శక్తియే యీ గ్రంథిని శత్రువుగా నెంచి క్రమముగా నశింపజేయుట యీ వ్యాధి స్వభావము. కంచె చేను మేసినట్లన్న సామెత కింతకన్న దగిన యుదాహరణము లేదు. 1912లో జపాను శస్త్రవైద్యుడు హషిమోటో హకారు నలుగురు స్త్రీలయందు దీనిని గుర్తించి వర్ణించెను. ఆయన పేరనే యిది ప్రసిద్ధము. అలసట, చలికి తాళలేకుండుట, మలబద్ధము, జుట్టు రాలుట, మఱపు దీని లక్షణములు.

తఱిగిన స్రావమును లెవోథైరాక్సిన్ మాత్రతో పూరింతురు. సంస్కృతమున "మాత్రా" యనగా పరిమాణము. ఈ మందు విషయమున నా యర్థమే ప్రధానము. దీనిని గ్రాములో పదిలక్షలవ వంతగు మైక్రోగ్రాములతో గొలుతురు. గ్రంథి పూర్తిగా పనిమానినవారికి దినమునకు కిలో బరువునకు సుమారు 1.6 మైక్రోగ్రాములు, అనగా 60 కిలోల మనిషికి 100కు దగ్గఱ. వృద్ధులకును హృద్రోగులకును 12.5 లేక 25తో నారంభించి మెల్లగా బెంచుదురు. రక్తమున నీ మందు సగమగుటకే వారము పట్టును. కావున మోతాదు మార్చిన పిమ్మట ఆఱు మొదలు ఎనిమిది వారములు గడచినగాని రక్తపరీక్ష ఫలితము నమ్మదగదు. పదిదినములకే గుణము లేదని తామే రెండేసి మ్రింగువారు కలరు. ఎక్కువైనచో గుండెదడ, ఎముకల క్షీణత సంభవించును.

ఇక మన కాఫీ సంగతి. తెల్లవాఱగనే కాఫీతో మాత్ర మ్రింగుట మనలో సాధారణము. కాఫీ యీ మందును దేహమున జక్కగా నింకనీయదు. పరగడుపున మంచినీళ్లతో మ్రింగి, అరగంట మొదలు గంటవఱకు నేమియు దీసికొనరాదు. ఇనుము, కాల్షియము మాత్రలకు నాలుగుగంటల యెడ ముండవలెను. నే నెఱిగిన యొక యింట గోడలికి మోతాదు మూడుమాఱులు పెంచినను గుణము కలుగలేదు. అత్తగారు వాత్సల్యముతో నీ మూడు మాత్రలను ఒకే చిన్నగిన్నెలో బెట్టి యిచ్చుచుండిరి! వేళలు మార్చిన రెండు నెలలకు మోతాదు తగ్గింపవలసి వచ్చినది.

టి.ఎస్.హెచ్. అను పరీక్షలో సంఖ్య సామాన్యముగా 0.4 మొదలు 4 వఱకు నుండవలెను. అది సరియైనను గొందఱి కలసట తీరదు. అట్టివారిని "నీ కేమియు లేదు" అని యింటివారు కసరుట నాకు మిగుల కష్టము గలిగించును. రక్తహీనత, బి12 లోపము, నిద్రలో నూపిరి యాగుట, ముట్లుడుగు కాలము, మనోవ్యాకులత, వీనిలో నేది కారణమో వైద్యునిచేత వెదకింపవలయును గాని, మాత్రను బెంచుట మార్గము గాదు. జుట్టునకై వాడు బయోటిన్ పరీక్షాఫలితమునే తాఱుమాఱు చేయగలదు. రెండు దినములు ముందుగా మానవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది చెప్పెదను. సంబంధములు కుదుర్చువేళ మనవా రీ వ్యాధిని దాచుచున్నారు. దాచిన పిల్ల అత్తవారింట మాత్రను దొంగచాటుగా మ్రింగును, కొన్నాళ్లకు మానును. గర్భము నిలిచినచో మోతాదు నాలుగవవంతు మొదలు మూడవవంతు వఱకు బెంచవలసి యుండును. తొలినెలలలో శిశువు మెదడు పెరుగుదలకు దల్లి స్రావమే యాధారము. మందు మానినచో గర్భస్రావభయము కూడ గలదు. ఇంత యనర్థము ఒక దాపఱికమువలన! వరుని తల్లిదండ్రులారా, పిల్ల కండ్లజోడు పెట్టుకొన్నదని సంబంధము వదలుకొనుచున్నారా? ఇదియు నట్టిదే. అడుగుడు, చెప్పనిండు.

రేపు మహిళాసభ ముగిసిన పిదప మన సంఘమునందలి వైద్యులిద్దఱు ఈ వేదికచెంతనే కూర్చుండెదరు. పరీక్షకాగితములతోబాటు, ఇంట వాడు మాత్రల నన్నిటిని, బలము మాత్రలతో సహా, వెంట దెచ్చి చూపుడు.