కుటుంబ వైద్యుడు – కాన్పు సంరక్షణ



గ్రంథాలయ సభలో పురిటి మాట ఏల యని కొందరికి తోచవచ్చును. తెలుగునాట ఈ రెండును ఒక యింటనే కూడియున్నవి. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారిలో ముఖ్యులు కొమర్రాజు లక్ష్మణరావు గారు. వారి కుమార్తె డాక్టరు అచ్చమాంబ గారు (1906–1964) విజయవాడలో స్త్రీల వైద్యురాలుగా పేరొందిరి. 1957లో అచ్చటినుండియే లోకసభకు ఎన్నికైరి. ‘ప్రసూతి – శిశుపోషణ’ యను గ్రంథమును తెలుగున రచించిరి. తండ్రి శాస్త్రమును తెలుగులోనికి తెచ్చెను. కుమార్తె ఆ తెలుగును పురిటిగదికి చేర్చెను.

నేడు మంత్రసాని చేతి కాన్పులు అరుదైనవి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. నూటికి 42 శస్త్రచికిత్సతో జరిగినవి. ఇక కుటుంబ వైద్యునితో పని యేమి? కాన్పు ఒక దినపు పని. గర్భము తొమ్మిది నెలల వ్రతము. ఆసుపత్రి ఆ దినమును చూచును. ఆ నెలలను చూడవలసినవాడు ఇంటి నెరిగిన వైద్యుడు. ఈమె రక్తహీనత ఎంత, తొలికాన్పు ఎట్లు జరిగెను, ఇంట చక్కెరవ్యాధి కలదా యని అడుగకయే ఎరిగినవాడతడు. 2023 ఏప్రిల్ 6న మన రాష్ట్రమున ప్రారంభమైన కుటుంబ వైద్యుని పథకమునందు ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుడు నెలకు రెండు మారులు గ్రామమునకు వచ్చునట్లు ఏర్పరచిరి. పథకములు మారవచ్చును, చూలాలికి తన్నెరిగిన వైద్యుని అవసరము మారదు.

ముఖము, చేతులు ఉబ్బుట, విడువని తలనొప్పి, కండ్లకు మసక క్రమ్ముట, రక్తస్రావము, బిడ్డ కదలిక తగ్గుట – వీనిలో ఏ ఒక్కటి కనబడినను తెల్లవారువరకు ఆగరాదు. రేపల్లెకో, బాపట్లకో, తెనాలికో, గుంటూరుకో పోవలసిన మనకు గడియ జాగు ప్రాణాంతకము. “ఇక బయలుదేరుడు” అని సకాలమున చెప్పుటయే కుటుంబ వైద్యుని ముఖ్యధర్మము. మనది సముద్రతీర ప్రాంతము. తుపాను హెచ్చరిక వెలువడినచో నెలలు నిండినవారిని దారులు మూయకముందే ఆసుపత్రి గల ఊరికి చేర్చవలెను.

మరియొక మాట. తొలికాన్పు పుట్టింట జరుగుట మన ఆచారము. ఏడవ నెలలో పసుపుకుంకుమలతో, చీరసారెలతో పిల్లను పంపుదుము. ఆమె పరీక్షల చీటీలు మాత్రము అత్తవారింటి పెట్టెలోనే నిలిచిపోవును. అచ్చటి వైద్యునకు ఆమె క్రొత్త, ఆమె రక్తపుపోటు క్రొత్త. కావున తల్లీబిడ్డల రక్షణ కార్డును, ఊరి వైద్యుడు వ్రాసిన జాబును సారెతో కూడ పంపుడు. పుట్టింటికి చేరిన వారముననే అచ్చటి వైద్యునకు చూపుడు. 2016 నుండి ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీని గర్భిణుల ఉచిత పరీక్షలకై ప్రభుత్వ వైద్యశాలలకు నిర్ణయించిరి.

కాన్పుతో వైద్యుని పని తీరదు. తొలి 24 గంటలలో రక్తస్రావము, పిమ్మటి దినములలో జ్వరము బాలింతకు ముప్పు. పథ్యమని పస్తుంచుట పాడి కాదు.

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము అక్షరమును ఇంటింటికి పంపినది. చదువ నేర్చిన ప్రతి యిల్లాలును తన కార్డును తానే చదువుకొని, వైద్యుని ప్రశ్నించగలిగిననాడు ఈ రజతోత్సవము సార్థకమగును. సెలవు.