యథాస్థానము



షోడశోపచారములలో ఆవాహనమును ఎరుగనివారు మీలో ఉండరు. కాని పూజ దేనితో ముగియునని అడిగినచో చాలమంది మంగళహారతి అనియో, తీర్థప్రసాదములనియో చెప్పుదురు. ఆ పిదప ఒక చిన్న క్రియ మిగిలి ఉన్నది. అది ఉద్వాసన. మనము పిలిచిన దేవతను యథాస్థానమునకు, అనగా తన నెలవునకు, తిరిగి వేంచేయుమని ప్రార్థించిన తరువాతనే కలశమును కదపవలెను. పిలుచుటలో ఎంత శ్రద్ధయో, సాగనంపుటలోను అంత శ్రద్ధ ఉండవలెను. తీసికొన్నదానిని దాని చోటికి చేర్చువరకు ఏ పనియు ముగిసినట్లు కాదు. నేడు ఈ ఒక్క మాటను విచారింతము.

కొన్ని సంవత్సరముల క్రితము ఒక దేవాలయ కుంభాభిషేకమునకై మేము అమెరికాలోని న్యూజెర్సీకి వెళ్లినాము. మాకు ఆతిథ్యమిచ్చిన తెలుగు గృహస్థు ఒకనాడు మమ్ము వెంటబెట్టుకొని సూపర్ మార్కెట్టుకు పోయినారు. అక్కడ సరుకులు వేసికొనుటకు చక్రముల బండ్లు ఉండును. వాటిని ట్రాలీలందురు. 1937లో ఓక్లహోమా నగరములో సిల్వన్ గోల్డ్‌మన్ అను వర్తకుడు తన దుకాణములలో వీటిని ప్రవేశపెట్టినాడు. సరుకులు కారులో సర్దుకొన్న పిదప కొందరు ఆ బండ్లను ఎక్కడివక్కడనే విడిచి పోవుచున్నారు. ఒకటి దారికి అడ్డముగా ఉన్నది. మరొకటి గాలికి దొర్లుచున్నది. మా గృహస్థు కుమారుడు, పదేండ్ల బాలుడు, మా బండితో పాటు ప్రక్కన ఎవరో విడిచిన బండిని కూడ తోసికొనిపోయి వరుసలో నిలిపి వచ్చినాడు. “అది మనది కాదు గదా నాయనా?” అన్నాము. “ఇది కూడా మనది కాదు కదండీ, తాతగారూ!” అన్నాడు. ఇంతకాలము శాస్త్రము చెప్పుకొని బ్రతికిన మాకు ఆ బాలుని మాట పాఠమైనది.

ఇంగ్లండులో ఇట్టి బండ్లు కాలువలలోను, నదులలోను పడి ఉండుట కలదు. అందుచే 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టములో, విడిచివేసిన ట్రాలీలను స్థానిక సంస్థలు స్వాధీనము చేసికొనుటకు వీలు కల్పించినారు. కొన్ని దుకాణములలో నాణెము వేసిననే బండి గొలుసు నుండి ఊడును. బండిని తిరిగి చేర్చిననే నాణెము చేతికి వచ్చును. మనస్సు చేయవలసిన పనిని గొలుసుకు అప్పగించినారన్నమాట.

పరాయి దేశము వారిని తప్పు పట్టుటకు ఈ మాట ఎత్తలేదు. మన వీధి చివరి రావిచెట్టు మొదలు చూడండి. పాత దేవుని పటములు, క్యాలెండర్లు, విరిగిన బొమ్మలు, ప్లాస్టిక్ సంచులలో కుళ్లిన పూలదండలు. దేవుని పటమును చెత్తలో వేయరాదను భయముతో మనము వాటిని అక్కడ పెట్టుచున్నాము. భయము మంచిదే. కాని పెట్టి వచ్చిన తరువాత అవి ఏమగుచున్నవో ఆలోచించుట లేదు.

మేమును ఆలోచించలేదు. మా ఇంట గోడ మీది నుండి పడి పగిలిన పటమును మా చేతులతోనే ఆ చెట్టు క్రింద ఉంచి, నమస్కరించి వచ్చినాము. మరునాడు వీధి ఊడ్చు పారిశుద్ధ్య కార్మికురాలి చేతిలో ఆ అద్దము దిగినది. ఆమె చేతికి గుడ్డ చుట్టుకొనుచు, “దేవుడి పటం కదా పంతులుగారూ, చీపురు తగలకూడదని చేత్తో తీశాను” అన్నది. మాకు మాట రాలేదు. మా భక్తి చేతులు దులుపుకొని ఇంటికి వచ్చినది. ఆమె భక్తికి చేయి తెగినది.

మా పాఠశాలలో భోజనానంతరము ఎవరి విస్తరిని వారే తీసి, ఆ చోటును గోమయముతో శుద్ధి చేయవలెను. వ్రేలికి ధరించిన దర్భ పవిత్రమునైనను ముడి విప్పిగాని విడువరాదు. గడ్డిపోచకే విడుచు విధి ఉన్నదని గ్రహించండి. తైత్తిరీయారణ్యకములోని అరుణప్రశ్నలో, నీటిలో మలమూత్రములు విడువరాదు, ఉమ్మివేయరాదు అని వ్రతనియమము చెప్పబడినది. మనుస్మృతి నాలుగవ అధ్యాయములోను ఇట్టి నిషేధమే కలదు. 2015లో గోదావరి పుష్కరములకు, 2016లో కృష్ణా పుష్కరములకు వెళ్లినవారు మీలో చాలమంది ఉందురు. పుణ్యము కొరకు మునిగి, తడిబట్టలను ఆ నదిలోనే విడిచి వచ్చుట ఏ శాస్త్రమో మీరే చెప్పండి.

“పన్ను కట్టుచున్నాము, ఊడ్చుటకు మనుష్యులున్నారు గదా” అని కొందరందురు. ఆమెకు జీతమిచ్చునది వీధి ఊడ్చుటకు. మన అద్దము గుచ్చుకొనుటకు కాదు. యోగశాస్త్రము చెప్పిన యమములలో అస్తేయము ఒకటి. పరుల ధనమును తీసికొనుట మాత్రమే దొంగతనము కాదు. పరుల శ్రమను, పదిమంది నడచు చోటును అడుగక తీసికొనుటయు దొంగతనమే. అందరిదైనది ఎవరిదియు కాదనుకొనుటయే దీనికంతకు మూలము.

కావున పటము పాతబడినచో నమస్కరించి, అద్దమును, చట్రమును, కాగితమును ఇంటివద్దనే వేరు చేయండి. అద్దపు ముక్కలను మందమైన అట్టలో చుట్టి, ఇది గాజు అని చెప్పి కార్మికుల చేతికి ఇవ్వండి. ప్లాస్టిక్ పూత లేని కాగితమును శుచియైన చోట అగ్నికి సమర్పించండి. నిర్మాల్యమును దారము, సంచి తొలగించి, ఎవరును త్రొక్కని చోట చెట్టు మొదట మట్టిలో కలపండి. నదిలో స్నానము చేసినచో తడిబట్టలు పిండుకొని ఇంటికి తెచ్చుకొనండి.

ఆ తరువాతి శుక్రవారము మేము, మా ఇంటివారు కలిసి ఆ రావిచెట్టు మొదలు శుభ్రము చేసినాము. చేతికి కట్టుతోనే పనికి వచ్చిన ఆమె, “మీకెందుకండీ ఈ పని, పంతులుగారూ?” అన్నది.

“ఉద్వాసన మిగిలిపోయినదమ్మా” అన్నాము.

స్వస్తి.