ఒక్క రూపాయి జొన్నలు, గ్లూటెన్ ఫ్రీ కేకు

(విశ్వవిద్యాలయ విద్యార్థుల అధ్యయన తరగతిలో ఆహారం మీద చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినప్పుడు ఆహార రాజకీయాల మీద మాట్లాడమన్నారు. రాజకీయాలు చెప్పేవాళ్లు మీకు చాలామంది ఉన్నారు. నేను వంట గురించి చెప్తాను. పిండి ఎట్లా తడపాలి, ఏ కూరాకు ఏ కాలంలో దొరుకుతుంది, గోధుమ లేకుండా కేకు ఎట్లా నిలబడుతుంది. రాజకీయం అందులోనే ఉంటుంది, విడిగా వడ్డించే పని లేదు.

మా పాపకు ఏడేళ్ల వయసులో బరువు పెరగడం ఆగిపోయింది. ఎప్పుడూ కడుపుబ్బరం, నీరసం. ఐరన్ మందులు ఎన్ని తాగించినా రక్తం పట్టలేదు. రెండేళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగాక ఒక డాక్టరు రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేయించి సీలియాక్ వ్యాధి అని తేల్చారు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్లినప్పుడల్లా శరీరం తన పేగునే తాను దెబ్బతీసుకుంటుంది. మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ మానేయడమే వైద్యం. చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్టు, కేకు, సమోసా, నూడుల్స్ అన్నీ బంద్.

ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. మా అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి మొత్తం విని, "గోదుమలు బందు పెట్టుమన్నడా? గంతేనా? నా పెండ్లయిందాక నేను గోదుమ రొట్టె మొకమే సూడలె బిడ్డా. నేను బతకలేదా?" అంది.

నేను చదువుకున్నదాన్ని కదా, ఆ మాట వినకుండా సూపర్ మార్కెట్‌కి పోయాను. గ్లూటెన్ ఫ్రీ అని రాసిన చిన్న బిస్కెట్ ప్యాకెట్ మామూలు బిస్కెట్లకు ఎన్నో రెట్ల ధర. వెనక్కి తిప్పి చూస్తే మొదటి పదార్థం జొన్నపిండి. మాది జహీరాబాద్ వైపు. చిన్నప్పుడు బడిలో డబ్బా మూత సగమే తీసి, నా జొన్నరొట్టె ఎవరికీ కనబడకుండా తిన్నదాన్ని నేను. అదే జొన్న ఇప్పుడు గాజు తలుపుల వెనక అలమారలో, నేను కొనలేని ధరలో కూర్చుంది.

ఈ రెండు దృశ్యాల మధ్య ఏం జరిగిందన్నదే నేను చెప్పదలచుకున్నది.

ముందు పిండి సంగతి చూద్దాం. గోధుమపిండిలో నీళ్లు పోసి పిసికితే అందులోని రెండు రకాల ప్రోటీన్లు కలిసి రబ్బరులాంటి వల అల్లుకుంటాయి. అదే గ్లూటెన్. బ్రెడ్డు పొంగినా, చపాతీ సాగినా ఆ వల వల్లే. జొన్నలో ప్రోటీన్ ఉంది కానీ అది అట్లాంటి వల అల్లదు. చల్లటి నీళ్లతో జొన్నపిండి కలిపి చపాతీ కర్రతో ఒత్తి చూడండి, ముక్కలైపోతుంది. గ్లూటెన్ లేకుండా పిండిని ఎట్లా పట్టి నిలపాలన్నదే ప్రపంచంలోని గ్లూటెన్ ఫ్రీ బేకరీలన్నిటి సమస్య. వాళ్లు శాంథాన్ గమ్ వేస్తారు, ఇసబ్గోల్ పొట్టు వేస్తారు.

మా అమ్మ ఏం చేస్తుంది? నీళ్లు తెర్లించి, ఉప్పేసి, పిండిలో పోసి, కట్టెతో కలిపి మూత పెడుతుంది. దాదాపు 70 డిగ్రీల వేడి దగ్గర జొన్నలోని పిండిపదార్థం నీళ్లు తాగి ఉబ్బి జిగురవుతుంది. గ్లూటెన్ చేసే పనిని ఆ జిగురు కొంతవరకు చేస్తుంది. చెయ్యి పట్టే వేడికి రాగానే అరచేతి మడమతో గట్టిగా పిసుకుతుంది. అదీ ఒక్కో రొట్టెకు సరిపడా ముద్దనే, ఎందుకంటే చల్లారితే పగుళ్లొస్తాయి. తర్వాత కర్రతో ఒత్తదు, పొడిపిండి చల్లి చేత్తో తడుతూ తిప్పుతుంది. సాగని పిండిని లాగకూడదు, తట్టి పరచాలి. పెనం మీద వేశాక పైన నీళ్లతో తడుపుతుంది. ఆ తడి ఆరగానే తిరగేస్తుంది, చివర నిప్పుల మీద పొంగిస్తుంది. పిండి కొత్తగా పట్టించిందై ఉండాలి. నెలలు నిలవున్న పిండి చేదెక్కుతుంది, రొట్టె విరుగుతుంది.

ఇందులో ప్రతి మెట్టుకూ కారణం ఉంది. ప్రయోగశాలలో చేస్తే దీన్ని పరిశోధన అంటారు, పేటెంటు అడుగుతారు. పొయ్యి ముందు కూర్చుని మాదిగ స్త్రీ చేస్తే అలవాటు అంటారు. "గ్లూటెన్ ఫ్రీ" అన్న పేరే చూడండి, ఏది లేదో చెప్తుంది తప్ప ఏముందో చెప్పదు. మా రొట్టెలో ఏం లేదన్న దానికి ధర కట్టారు. అందులో ఉన్న తెలివికి ఎవరూ ధర కట్టలేదు.

నెదర్లాండ్స్‌లో విల్లెమ్ డికే అనే పిల్లల డాక్టరు ఉండేవాడు. ఈ వ్యాధికి గోధుమే కారణమని రుజువు చేసినవాడు ఆయనే. 1944-45 చలికాలంలో ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చింది. జనం ఆకలితో చస్తుంటే ఆయన దగ్గరున్న సీలియాక్ పిల్లలు కోలుకున్నారు, ఎందుకంటే తినడానికి గోధుమ రొట్టె లేదు. రొట్టె తిరిగి రాగానే వాళ్లు మళ్లీ జబ్బుపడ్డారు. ఆకలి కూడా జ్ఞానాన్నిస్తుంది. ఆయన జ్ఞానం వైద్యశాస్త్రంలో ఆయన పేరుతో నిలిచింది. మన అవ్వల జ్ఞానం ఎవరి పేరుతో నిలిచింది?

ఇప్పుడు రొట్టె పక్కన కూర. తొలకరి పడ్డాక చేలల్లో దొగ్గలికూర, గునుగు, తుమ్మికూర వస్తాయి. తడి ఉన్న చోట పొన్నగంటి, గంగవాయిలి. ఎండాకాలంలో చింతచిగురు. చలికాలంలో పచ్చి కందికాయలు, అనపకాయలు. జొన్న పాలకంకి మీదున్నప్పుడు నిప్పుల మీద కాల్చి నలుపుకుని తినడం. ఆ ఆకుకూరల్లో చాలావాటిని ఎవరూ విత్తరు. కలుపు తీసే కూలీ స్త్రీలు పీకిన కలుపులోంచే లేత ఆకు ఏరి కొంగులో వేసుకుంటారు. పగలు కూలి, రాత్రి కూర, రెండూ ఆ చేనులోనే. లేత గునుగాకు కందిపప్పులో వేసి, చింతపండు కాస్త తగిలించి, ఎల్లిపాయ పోపు పెడితే జొన్నరొట్టెకు ఇంకేం వద్దు. ఇప్పుడు పత్తి చేలల్లో కలుపు మందు కొడుతున్నారు. దానితో కూలి పోయింది, కూర కూడా పోయింది. వినాయక చవితికి పట్నంలో కట్టలు కట్టి అమ్మే తుమ్మికూర కొన్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. సీజనల్ వంట అని ఇప్పుడు చాలామంది అంటున్నారు. భూమి లేనివాళ్లకు సీజన్ అంటే ఏమిటి? ఎవరి గట్టు మీద ఏం మొలిచింది, కోసుకోనిస్తారా లేదా అన్నదే.

పేర్ల రాజకీయం కూడా చూడండి. ప్రభుత్వ కాగితాల్లో జొన్న, సజ్జ, రాగుల పేరు చాలాకాలం "ముతక ధాన్యాలు". 2013 ఆహార భద్రతా చట్టం కిలో బియ్యానికి 3 రూపాయలు, గోధుమకు 2, ముతక ధాన్యానికి 1 రూపాయి అని రాసింది. పేదలకు తక్కువకే ఇవ్వడం మంచిదే. కానీ ఆ మూడు అంకెల వరసలో ఏ తిండి ఏ మెట్టు మీదుందో కనిపిస్తుంది. 2018లో కేంద్రం వాటిని "న్యూట్రి సీరియల్స్" అంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో అవి "శ్రీ అన్న" అయ్యాయి. అయిదేళ్లలో ముతక పోయి శ్రీ వచ్చింది. ధాన్యానికి వచ్చిన ఆ శ్రీ, దాన్ని విత్తి, కలుపు తీసి, దంచి, రొట్టె చేసిన మనిషికి రాలేదు.

ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి. పాత తిండికి తిరిగి పొమ్మని చెప్పడానికి నేను రాలేదు. మా తాత దొర దగ్గర జీతం ఉన్నప్పుడు కూలి జొన్నల్లోనే కొలిచేవారు. మా ఇంట్లో బియ్యం అన్నం పండగనాడే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం మొదలుపెట్టాక అన్నం రోజూ వచ్చింది. మా అమ్మకు ఆ తెల్లన్నం గౌరవం. దొర తినేది మేమూ తింటున్నామన్న నమ్మకం. బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో జైపూర్ సంస్థానంలోని చక్వారా సంగతి రాశారు. తీర్థయాత్ర నుంచి వచ్చిన ఒక అస్పృశ్యుడు తన కులస్థులకు నెయ్యితో విందు పెడితే, వందల మంది సవర్ణులు లాఠీలతో వచ్చి ఆ తిండిని పాడుచేసి, తింటున్నవాళ్లను కొట్టారు. అంటరానివాళ్లు నెయ్యి తినడమే నేరం. ఈ చరిత్ర ఉన్నవాళ్లకు "మీ జొన్నలే మంచివి, అవే తినండి" అని ఎవరైనా చెప్తే నాకు అనుమానమే. ఏది తినాలో ఎంచుకునే హక్కు కావాలి. జొన్న తినాలన్నా, నెయ్యి తినాలన్నా, మాంసం తినాలన్నా, కేకు తినాలన్నా.

పొద్దున్నే లేచి పదిమందికి రొట్టెలు తట్టిన చేతుల్ని కూడా మరిచిపోవద్దు. సంప్రదాయం గొప్పదని ఉపన్యాసమిచ్చే మగవాళ్లు ముందు నాలుగు రొట్టెలు తట్టి రావాలి.

కేకు అన్నాను కదా. పాప పుట్టినరోజుకు కేకు కావాలంది. బేకరీలో కుదరదు, మైదా ధూళి గాల్లోనే ఉంటుంది. ఇంట్లో మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఇసుకలా రాలిపోయింది. మా అమ్మ ఊరి నుంచి వచ్చి గిన్నెలోకి చూసి, "పిండికి నీళ్లు తాగే యాళ్ల ఇయ్యలె నువ్వు" అంది. రహస్యమంతా అదే. కప్పున్నర జొన్నపిండి, అరకప్పు రాగిపిండి తీసుకోండి. చెంచాడు అవిసె గింజల పొడిని మూడు చెంచాల వేడినీళ్లలో నానబెడితే జిగురొస్తుంది. బాగా పండిన అరటిపళ్లు రెండు, ముప్పావు కప్పు బెల్లం పొడి, అరకప్పు నూనె, గుడ్లు మూడు, చిటికెడు ఉప్పు. అన్నీ కలిపి అరగంట వదిలేయండి. పొయ్యి వేడెక్కాక చివర్లో రెండు చెంచాల బేకింగ్ పౌడర్ కలిపి 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు. పూర్తిగా చల్లారాకే కోయాలి, వేడి మీద కోస్తే విరుగుతుంది. గుడ్డులోని ప్రోటీన్ వేడికి గట్టిపడి గ్లూటెన్ లేని లోటు తీరుస్తుంది. బడి పిల్లల భోజనంలో గుడ్డు పెట్టాలా వద్దా అని వాదించే పెద్దమనుషులకు ఈ సంగతి చెప్పండి. అరటిపళ్లు లేని కాలంలో ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు వేయండి.

ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే మూడు జాగ్రత్తలు. ఒకటి, గిర్ని. గోధుమలు పట్టిన గిర్నిలో జొన్నలు పట్టిస్తే గోధుమపిండి కలుస్తుంది. గ్లూటెన్ ఫ్రీ అనాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన, అంటే చిటికెడు కూడా ఎక్కువే. ఇంట్లో చిన్న గ్రైండర్ మేలు. రెండు, ఇంగువ. అంగట్లో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. పప్పులో పోపు పెట్టి పిల్లకు పెట్టాక ఆర్నెల్లకు నాకు తెలిసింది. మూడు, అనుమానముంటే పరీక్ష చేయించుకునేదాకా గోధుమ మానకండి, ముందే మానేస్తే రక్తపరీక్షలో జబ్బు కనబడకపోవచ్చు. జబ్బు లేనివాళ్లు ఫ్యాషన్ కోసం మానాల్సిన పని లేదు.

మీరు విద్యార్థులు, పరిశోధకులు. మీతో నాకు పనుంది. మరాఠ్వాడా మహర్, మాంగ్ కులాల వంటల మీద షాహు పటోలే 2015లో మరాఠీలో 'అన్న హే అపూర్ణ బ్రహ్మ' రాశారు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు, వాళ్లలో ఎక్కువమంది దళితులు, పడావు భూముల్లో జొన్న పండించి ఊళ్లోనే పేదలకు చవకగా అందించారు, విత్తనాలు దాచారు. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఇట్లాంటి పని తెలుగులో ఇంకా ఎంతో జరగాలి. మీ అమ్మల దగ్గర, మీ వాడలో ముసలవ్వల దగ్గర కూర్చోండి. కొలతలు రాయండి, కారణాలు అడగండి, చెప్పినవాళ్ల పేరు వాళ్లు ఒప్పుకుంటే తప్పకుండా రాయండి. మీ హాస్టల్ మెనూలో వారానికి రెండు రోజులైనా రొట్టె అడగండి, దాన్ని చేసే మనిషికి సరిపడా కూలి కూడా అడగండి.

మొన్న పుట్టినరోజుకు పాప కేకు కోసి మొదటి ముక్క వాళ్ల అమ్మమ్మ నోట్లో పెట్టింది. మా అమ్మ నమిలి, కాసేపు ఆలోచించి, "జొన్నలేనా?" అని అడిగింది. అవునన్నాను. "మంచిగుంది. రొట్టె కన్నా ఎక్కువ పనేం లేదు. మరి గంత ధర ఎందుకు?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర సగం జవాబే ఉంది. మిగతా సగం మీరు వెతకాలి.

జై భీమ్.