ఉద్యోగము చేయుచున్న నర్సుల పైచదువు

(వార్షిక మహాసభయందు విద్యానిధి కార్యవర్గము పక్షమున చేసిన ఉపన్యాసము)



 విద్యానిధిని గూర్చి మాటలాడుమని మాకు సెలవైనది. జమాఖర్చులు ఈ సంచికలో వేరుగా అచ్చైనవి గనుక వానిని మరల చదివి మిమ్ము విసిగింపము. మేము చేసిన తప్పు నొకదానిని ముందుగా చెప్పుకొని, దానిని దిద్దుకొను మార్గమును మీ ముందుంచెదము.

గత సంవత్సరము మన ఆడబిడ్డ యొకతె విద్యానిధికి దరఖాస్తు పెట్టుకొన్నది. జి.ఎన్.ఎం. చదివి పదకొండేండ్లుగా రోగుల మంచములచెంత పనిచేయుచున్నది. ఇద్దరు బిడ్డల తల్లి. ఫిజీషియన్ అసిస్టెంటు చదువు, అనగా వైద్యుని పర్యవేక్షణలో రోగిని పరీక్షించి చికిత్సలో పాలుగొను సహాయకుని చదువు, చదువవలెనని ఆమె కోరిక. మేము ఆ కాగితమును చూచి "ఉద్యోగమున్నది గదా, మరల చదువేల?" అని యడిగితిమి. వయస్సు ఇరువదియైదు దాటినదని నియమము చూపి త్రోసివేసితిమి. ఆమె పోవుచు పోవుచు ఒక్కమాట యన్నది: "రాత్రి డ్యూటీలో రోగికి ప్రమాదము వచ్చుచున్నదని నాకు ముందే తెలియును. కొన్నిమారులు ఏమి చేయవలెనో కూడ తెలియును. చేయుటకు మాత్రము నాకు చదువు చాలదు, అధికారము లేదు." ఆ మాటకు మా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఈ ఉపన్యాసమే ఆ ప్రత్యుత్తరమని భావింపుడు.

ఈ కోరిక క్రొత్తది గాదు. అమెరికా దేశమునందలి డ్యూక్ విశ్వవిద్యాలయములో డాక్టర్ యూజీన్ స్టెడ్ అను వైద్యుడు, థెల్మా ఇంగిల్స్ అను నర్సుతో గలిసి, అనుభవముగల నర్సులకు ఉన్నత వైద్యశిక్షణ నొసగ 1957 ప్రాంతమున పూనుకొనెను. నర్సింగు విద్యకు గుర్తింపునిచ్చు అచ్చటి సంస్థ దానికి గుర్తింపు నీయలేదు. అప్పు డాయన 1965లో, నౌకాదళములో వైద్యసేవ చేసి వచ్చిన నలుగురు పురుషులను చేర్చుకొని ఫిజీషియన్ అసిస్టెంటు చదువును ప్రారంభించెను. ముగ్గురు 1967లో పట్టము పొందిరి. నర్సులకై తెరువదలచిన తలుపు ఇతరులకు తెరువబడినది! అదే 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అను నర్సు, హెన్రీ సిల్వర్ అను వైద్యునితో గూడి, నర్సులకు నర్స్ ప్రాక్టీషనరు అను వేరొక మార్గమును నిర్మించినది. త్రోవ మూయబడినచోట మరియొక త్రోవ వేయవచ్చునని యిందు మనకు పాఠము.

మనదేశమున ఫిజీషియన్ అసిస్టెంటు విద్య 1992లో మద్రాసులో డాక్టర్ కె.ఎం. చెరియన్ గారి పూనికతో మొదలైనది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషను చట్టము ఈ వృత్తిని ఫిజీషియన్ అసోసియేట్ అను పేర తన పట్టికలో చేర్చినది. అయినను మన బిడ్డలకు నిజము చెప్పవలెను. ఈ చదువు నర్సింగునకు పైమెట్టు కాదు. ప్రక్కనున్న వేరొక మెట్లవరుస. ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివినవారికి సామాన్యముగా నాలుగేండ్ల పట్టపు చదువు ఇది. ఆర్ట్సు చదివి జి.ఎన్.ఎం.లో చేరినవారు అనేకులు గలరు. వారికి మొదటిమెట్టే అడ్డు. పదకొండేండ్ల అనుభవము ఫీజును తగ్గింపదు, కాలమునూ తగ్గింపదు. చదివినపిదపకూడ వైద్యుని పర్యవేక్షణలోనే పనిచేయవలెను గాని ఎం.బి.బి.ఎస్.తో సమానము కాదు.

కావున దరఖాస్తు పెట్టుటకు ముందు ఇతర మార్గములనుగూడ చూడవలెను. జి.ఎన్.ఎం. వారికి పోస్టుబేసిక్ బి.ఎస్సీ. నర్సింగు రెండేండ్లు. దానిమీద, తీవ్రచికిత్సా విభాగమునకై భారత నర్సింగు మండలి 2016లో ఏర్పరచిన నర్స్ ప్రాక్టీషనరు విద్య మరి రెండేండ్లు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద ఆరునెలల శిక్షణతో గ్రామ ఆరోగ్యకేంద్రములలో బాధ్యతగల పనికి నర్సులను తీసికొనిరి. కాన్పుల పనియందు ఆసక్తి గలవారికై మన రాష్ట్ర ప్రభుత్వము 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రివారి సాయమున పదునెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణను ప్రారంభించినది. ఇవి నర్సు నేర్చినదానిని వృథా చేయక దానిమీదనే కట్టెడు చదువులు.

అమెరికా వెళ్లినవారి సంగతి వేరు. అచ్చట ఫిజీషియన్ అసిస్టెంటు విద్య సామాన్యముగా రెండేండ్లకు మించిన మాస్టర్స్ చదువు. రోగులతో పనిచేసిన గంటలను దరఖాస్తులో అడుగుదురు. నర్సుకు ఇదియే పెద్ద ఆస్తి. కాని ముందుగా బాచిలర్ పట్టము, విజ్ఞానశాస్త్రములలో నిర్ణీత పాఠములు ఉండవలెను. జి.ఎన్.ఎం. డిప్లొమా ఒక్కటియే చాలదు. స్వవిషయమును దెలుపు వ్యాసము నొకదానిని వ్రాయుమందురు. దానియందు "సేవాభావము గలదానను" అని వ్రాసిన ప్రయోజనము లేదు. అందరును అదే వ్రాయుదురు. ఒక రాత్రి, ఒక రోగి, తాను గమనించిన దేమి, తనచేత కానిదేమి అని వ్రాసినచో చాలును. మా ముందు ఆ బిడ్డ పలికిన మాటకంటె మంచి దరఖాస్తు మేమింకొకటి చూడలేదు.

ఇక మన ప్రాంతము మాట. మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లులలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. ఒకప్పుడు పెద్దజబ్బు వచ్చినచో భూపాలపల్లినుండి అరువది కిలోమీటర్లకు మించిన దారిని వరంగల్లు ఎం.జి.ఎం. దవాఖానాకు పోవలసియుండెను. నేడు వైద్యవిద్యయే మన గుమ్మమునకు వచ్చినది. కాని కళాశాల వచ్చినంతమాత్రమున రాత్రి రెండుగంటలకు మంచముప్రక్కన నిలుచు మనిషి మారదు. అప్పుడును అక్కడ నుండునది నర్సే. ఆమె చేతికి పనితనమున్నది. ఆ పనితనమునకు చదువు తోడుచేయుట మన పని.

ఆమెకు అడ్డమైనది తెలివి గాదు, జీతము. ఇంటర్మీడియట్ ముగించిన పిల్లవాడు చదువునకు పోయిన ఇంటికి ఖర్చు మాత్రమే. నర్సు చదువునకు పోయిన ఖర్చును వచ్చును, ఇంటికి వచ్చు జీతమును ఆగును. మన నియమములు మొదటివానిని దృష్టియందుంచుకొని వ్రాసినవి. రెండవ యామెను తలచినవారే లేరు.

కావున మేము నాలుగు సవరణలు ప్రతిపాదించుచున్నాము. ఒకటి: మూడేండ్లు రోగిసేవ చేసినవారికి వయోనియమము తొలగింపవలెను. రెండు: ఫీజుతోపాటు, ఆగిన జీతములో కొంతభాగమును వడ్డీలేని అప్పుగా నెలనెల ఇయ్యవలెను. మూడు: చదువుకాలమున ఆమె పిల్లలకు మన వసతిగృహమున చోటు కల్పింపవలెను. నాలుగు: దరఖాస్తులు పరిశీలించుటకు, కళాశాల గుర్తింపును ముందుగా విచారించుటకు, మన నర్సులే సభ్యులుగా నొక ఉపసంఘముండవలెను. నర్సు కాగితమును నర్సు చూచినచో మేమడిగిన ప్రశ్న అడుగదు.

చదివినపిదప ఈ మూడు జిల్లాలలోనే పనిచేయవలెనని షరతు వ్రాయించుకొనవలెనని కొందరు పెద్దలు సెలవిచ్చిరి. వారి యాశ మాకును గలదు. కాని ఎం.బి.బి.ఎస్. చదివి పట్నములలో స్థిరపడిన మగపిల్లల యొద్ద మనమెన్నడు అట్టి పత్రము వ్రాయించుకొన్నాము? వారికి లేని కట్టడి వీరికేల? ఆశ ఉంచుకొందము, షరతు వలదు.

పోషకులారా! ఈ ప్రతిపాదన రేపటి కార్యవర్గ సమావేశమునకు వచ్చును. అంగీకారమైనచో మొదటి యుత్తరము ఆ బిడ్డకే వ్రాయుదుము. క్షమాపణము దాని మొదటి వాక్యమగును. ఆమె యే మార్గము నెంచుకొన్నను సరే, ఆలోచించి యెంచుకొనుటకు తగిన వ్యవధియు బలమును ఆమెకు మననుండి లభించుగాక యని కోరుచున్నాము.