ఆనాటి కేర్ ఉప్మా – నేటి మన బాధ్యత



1965, 66 సంవత్సరాలలో దేశంలో వరుసగా వర్షాలు ముఖం చాటేశాయి. అమెరికా నుంచి పి.ఎల్.480 పథకం కింద గోధుమలు ఓడల మీద వచ్చేవి. ఆ రోజుల్లో మన శ్రీకాకుళం జిల్లాలో బడికి వెళ్లిన నాకు కేర్ వారి ఉప్మా, పొడి పాలు బాగా గుర్తు. ఇంట్లో చోడి అంబలి తాగి పెరిగిన వాళ్లం. ఆ ఉప్మా కోసం బారులు తీరేవాళ్లం. "ఒకరు పెడితే తిన్నామని మరిచిపోకురా" అనేది మా అమ్మ.

ఉద్యోగంలో చేరాక ఆ మాట మరిచాను. ఒక కరువు ఏడాది బియ్యం పంచేచోట, జాబితాలో పేరు లేదని ఒక ముసలమ్మను వెనక్కి పంపాను. "పేరు లేకపోతే ఆకలుండదేటి బాబూ?" అని వెళ్లిపోయింది. నిబంధన నా పక్షానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు. మర్నాడు పేరు చేర్చమని పై అధికారికి నోటు పెట్టాను. ఆమె మళ్లీ రాలేదు.

మిత్రులారా, ఆ రాయితీ గోధుమల కొనుగోళ్లు తర్వాతి కాలంలో ఆగాయి. మన రైతుల చలవ వల్ల అఫ్ఘనిస్తాన్‌కు 50 వేల టన్నుల గోధుమలు ఇస్తామని మన దేశమే ముందుకొచ్చి 2022లో పంపనారంభించింది. సంతోషం. కాని సాయం టన్నుల్లో బయలుదేరినా, చివరకు ఒక గుమస్తా కలం దాటితేనే పళ్లెంలో పడుతుంది. ఉద్యోగాల్లో ఉన్న మీ పిల్లలకు, మనుమలకు జాబితా కంటే ముందు ఎదుటి మనిషి ముఖం చూడమని చెప్పండి.